గ్రంథసేవలో ధన్యజీవి: ఖాన్ బహాదూర్ ఖుదాబఖ్ష్

గ్రంథాలయం జ్ఞాన భాండాగారమని పెద్దలు చెప్పగా మనమందరం చిన్నతనం నుండి వింటున్నాము. కాని ఏ భాండాగారానికైనా ఒక కాపరి ఉండాలి కదా! ఆ కాపరిని గురించి ఆలోచించేవారు అరుదు. అలమారుల ధూళి దులిపేవాడు, చెదను కనిపెట్టి తరిమేవాడు, అడిగిన గ్రంథాన్ని క్షణంలో తెచ్చి బల్లమీద పెట్టేవాడు, తిరిగి రాని గ్రంథంకోసం మనసులోనే బాధపడేవాడు మన కంటికి కనిపించీ కనిపించని మనిషి. గ్రంథాలయంలో ఉద్యోగమంటే నీడపట్టున కూర్చుని కాలక్షేపం చేయడమని లోకులనుకుంటారు. ఆ పని ఎంతటి తపస్సో, ఎన్ని ధర్మసంకటాలతో కూడినదో తెలుసుకోవాలంటే దానికోసం సర్వస్వాన్నీ ధారవోసిన ఒక మహనీయుని జీవితాన్ని పరిశీలించాలి. అందుకే పాట్నాలోని సుప్రసిద్ధ ప్రాచ్య గ్రంథాలయ సంస్థాపకుడు ఖాన్ బహాదూర్ ఖుదాబఖ్ష్ చరిత్రను సంగ్రహంగా మా పాఠకుల ముందుంచుతున్నాము. వారు కొంతకాలం మన హైదరాబాదులో నివసించి, ఇక్కడి ఉన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

ఖుదాబఖ్ష్ 1842 ఆగస్టు 2వ తేదీన బీహారులోని ఛప్రా ప్రాంతంలో జన్మించారు. ఆయనది తరతరాలుగా విద్యావ్యాసంగం గల కుటుంబం. ఔరంగజేబు కాలంలో ఫతావా-ఎ-ఆలంగీరీ అనే ధర్మశాస్త్ర సంకలనంలో పాల్గొన్న పండితులలో ఈ వంశం పూర్వీకుడొకరున్నారని చెబుతారు. తండ్రి ముహమ్మద్ బఖ్ష్ పాట్నాలో న్యాయవాది. వారికి పెద్దలనుండి సంక్రమించిన వ్రాతప్రతులు సుమారు 300. వృత్తిలో వచ్చిన రాబడిలో అధికభాగం పుస్తకాలకే వెచ్చించి, తమ జీవితకాలంలో ఆ సంఖ్యను 1,400కు పెంచారు.

ముహమ్మద్ బఖ్ష్ గ్రంథాభిమానాన్ని తెలిపే ఉదంతం ఒకటి ప్రచారంలో ఉన్నది. పాట్నాలో ఎలియట్ అనే ఆంగ్లేయ న్యాయాధికారి ఉండేవాడు. అతడూ గ్రంథప్రియుడే. కమాలుద్దీన్ ఇస్ఫహానీ అనే పారశీక కవి కృతుల అపురూప ప్రతినొకదానిని ముహమ్మద్ బఖ్ష్ వద్ద ఎరువు తీసుకొని, తిరిగి ఇవ్వలేదు. డబ్బిస్తాను, పుస్తకం మాత్రం ఇవ్వనన్నాడు. అధికారితో తగవుపడలేక ముహమ్మద్ బఖ్ష్ మౌనం వహించారు. కొంతకాలానికి ఎలియట్ ఉద్యోగ విరమణచేసి స్వదేశానికి ప్రయాణమైనాడు. శ్రేష్ఠమైన గ్రంథాలను ఓడలో పంపడానికి ఒక పెట్టెలోనూ, పనికిరానివాటిని వేలం వేయడానికి మరొక పెట్టెలోనూ సర్దించాడు. పనివాళ్ల పొరపాటువల్ల పెట్టెలు తారుమారైనవి. వేలంలో పెట్టె కొన్న ముహమ్మద్ బఖ్ష్‌కు పోయిన గ్రంథంతోపాటు మరికొన్ని అమూల్య గ్రంథాలు కూడా లభించినవట. ఈ కథ వినడానికి వినోదంగానే ఉంటుంది. అయితే ఎరువిచ్చిన పుస్తకం తిరిగి రావడం దైవాధీనమన్న పాఠం ఆ ఇంట్లో పిల్లవాని మనసులో నాటుకుపోయి ఉంటుంది. ఆ పాఠం తరువాతి కాలంలో ఒక గ్రంథాలయ నియమంగా రూపుదాల్చడం మనం చూడగలము.

ఖుదాబఖ్ష్ పాట్నాలోను, కలకత్తాలోను విద్యాభ్యాసం చేశారు. తండ్రి అస్వస్థత, కుటుంబభారం ఆయన చదువుకు ఆటంకాలైనవి. కొంతకాలం న్యాయస్థానంలో పేష్కారుగా, కొంతకాలం పాఠశాలల డిప్యూటీ ఇన్స్పెక్టరుగా పనిచేస్తూనే న్యాయశాస్త్రం పూర్తిచేసి, 1868లో పాట్నాలో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. స్వల్పకాలంలోనే వృత్తిలో అగ్రగణ్యులైనారు. 1880లో ప్రభుత్వ న్యాయవాదిగా నియమితులైనారు. పట్టణ పురపాలక సంఘంలోనూ, జిల్లా బోర్డులోనూ ప్రజాసేవ చేశారు. ఖాన్ బహాదూర్ బిరుదు పొందారు.

అయితే ఆయన జీవితగమనాన్ని నిర్ణయించినది 1876వ సంవత్సరం. ఆ ఏడు ముహమ్మద్ బఖ్ష్ మరణశయ్యమీద ఉండి కుమారుని పిలిచి తన చివరి కోరిక వెల్లడించారు. తాము కూడబెట్టిన వ్రాతప్రతులను ఇంటి సొత్తుగా దాచుకోవద్దని, స్తోమత చిక్కిననాడు వాటిని మరింత పెంచి, అందరికీ తెరచిన గ్రంథాలయంగా నెలకొల్పవలసిందని కోరారు. సాధారణంగా తండ్రులు బిడ్డలకు ఆస్తి అప్పగిస్తారు, లేకుంటే అప్పు అప్పగిస్తారు. ఈ తండ్రి ఆస్తిరూపంలో ఒక ఋణాన్ని అప్పగించారు. ఖుదాబఖ్ష్ ఆనాటినుండి 32 సంవత్సరాలపాటు ఆ ఋణం తీర్చుకుంటూనే జీవించారు.

గ్రంథసేకరణకు ఆయన అనుసరించిన పద్ధతులు ఆశ్చర్యకరమైనవి. ముహమ్మద్ మక్కీ అనే అరబ్బు దేశీయుని నెలకు 50 రూపాయల వేతనంమీద నియమించుకొని, 18 సంవత్సరాలపాటు అరేబియా, ఈజిప్టు, సిరియా, పారశీక దేశాలలో అరుదైన ప్రతులకోసం గాలింపజేశారు. వ్రాతప్రతులతో బాంకీపూరు వచ్చే ప్రతి వర్తకునికి, బేరం కుదిరినా కుదరకపోయినా, రాకపోకల రైలుఖర్చు చెల్లించే ఏర్పాటు చేశారు. ఇందువల్ల హిందూస్థానంలో ఎక్కడ మంచి ప్రతి అమ్మకానికి వచ్చినా మొదట ఆయన గుమ్మంలోకే వచ్చేది. గ్రంథసేకరణలో ఆనాడు ప్రసిద్ధి వహించిన రాంపూరు నవాబు సంస్థానంతో ఒక న్యాయవాది పోటీపడగలిగాడంటే రహస్యం ఇదే.

1888లో గంగానది ఒడ్డున సుమారు 80,000 రూపాయల వ్యయంతో రెండంతస్తుల భవనం నిర్మించారు. 1891లో ధర్మకర్తృత్వ పత్రం వ్రాసి, 4,000 వ్రాతప్రతులను భవనంతోసహా ప్రజలపరం చేశారు. ఆ సంవత్సరం అక్టోబరు మాసంలో బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు సర్ చార్లెస్ ఎలియట్ దానిని ప్రారంభించారు. ఈ వ్రాతప్రతులు పాట్నా విడిచి పోరాదన్నది దాతగా ఆయన పెట్టిన ముఖ్య నిబంధన. బ్రిటిష్ మ్యూజియం వారు పెద్దమొత్తం ఇచ్చి ఈ సంపుటాలను కొనదలచినప్పుడు ఖుదాబఖ్ష్ నిరాకరించారని ప్రసిద్ధి. తండ్రీ కొడుకులు జీవితాలు ధారవోసి కూర్చినదానిని ధనంకోసం వదులుకొనడం తనకు చేతకాదని ఆయన ఉద్దేశం. ఆనాటికి ఆయన సంపన్నుడేమీ కాడు. ఆదాయమంతా పుస్తకాలలోనూ, ఇటుకలలోనూ కలిసిపోయింది.

అదే 1891వ సంవత్సరంలో మన హైదరాబాదులోనూ ఆసఫియా గ్రంథాలయం వెలసింది. పదేళ్ల తరువాత, 1901లో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఇదే నగరంలో ఆవిర్భవించింది. ఒకటి ఉర్దూ, పారశీక, అరబ్బీ వాఙ్మయాలకు, మరొకటి తెలుగు వాఙ్మయానికి ఆశ్రయమైనవి. ఈ రెండు భాషలనూ ఒకే ప్రాంగణంలో అభ్యసించే మనకు ఈ సంగతి స్మరణీయం.

ఖుదాబఖ్ష్ 1895లో నిజాము ప్రభుత్వ ఆహ్వానంమీద హైదరాబాదు ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తిగా వచ్చారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పరిపాలనాకాలమది. మూడు సంవత్సరాలపాటు ఆ పదవిలో ఉన్నారు. పగలు న్యాయస్థానంలో తీర్పులు చెప్పే ఆ పెద్దమనిషి దృష్టి, ఇంటికి మరలే దారిలో అంగళ్లమీదనే ఉండేదని చెప్పుకుంటారు. ఒకనాటి సాయంకాలం చీకటిగా ఉన్న ఒక దుకాణంలో పిండిబస్తాలమీద పాతపుస్తకాల కట్ట ఒకటి ఆయనకు కనిపించింది. బండి ఆపించి ధర అడిగారు. దుకాణదారు గడసరి. మరెవరైనా అడిగితే మూడు రూపాయలకు ఇచ్చేవాడినని, కాని హుజూర్ వంటివారు కోరారంటే ఇందులో ఏదో విలువైనది ఉండితీరాలని, కనుక ఇరవై రూపాయలని చెప్పాడు. ఖుదాబఖ్ష్ మారుమాటాడక చెల్లించారు. ఆ కట్టలో ఒక అరుదైన అరబ్బీ గ్రంథం బయటపడింది. దానికి తరువాత నిజాము పక్షాన 400 రూపాయలు ఇవ్వజూపినా ఆయన అమ్మలేదట.

హైదరాబాదు నివాసకాలంలోనే ఆయన గ్రంథాలయ సేవకునిగా మరొక ముఖ్య కార్యం నెరవేర్చారు. తన సంపుటాలలోని గ్రంథాలనూ, గ్రంథకర్తలనూ పరిచయం చేస్తూ పారశీక భాషలో మహబూబుల్ అల్బాబ్ అనే వివరణాత్మక పట్టిక రచించి, హిజ్రీ 1314లో ఈ నగరంలోనే అచ్చువేయించారు. న్యాయమూర్తి పదవి చేస్తూ పుస్తకాల జాబితా వ్రాయడమేమిటని కొందరికి తోచవచ్చు. కాని జాబితాలేని గ్రంథాలయం దీపంలేని ఇల్లు. గ్రంథం ఉన్నా, ఉన్నట్టు తెలియకపోతే లేనట్టే.

వ్రాతప్రతుల పట్టిక తయారుచేయడం ఎంత క్లేశమో మన విద్యార్థులు గ్రహించాలి. అచ్చుపుస్తకానికి ముఖపత్రం ఉంటుంది. పేరూ, కర్తా, సంవత్సరమూ అక్కడే దొరుకుతవి. వ్రాతప్రతికి ఆ సౌకర్యం లేదు. మొదటి పుటలు చిరిగిపోయి ఉండవచ్చు. కాతిబు చివర వ్రాసిన ముగింపు వాక్యాలను బట్టి తేదీ తెలుసుకోవాలి. అవి కూడా లేకుంటే కాగితం, సిరా, లిపి పరిశీలించి కాలం ఊహించాలి. అంచులలోని ముద్రలు చదివి ఆ ప్రతి ఏ ఏ చేతులు మారిందో కనుగొనాలి. మొగలు చక్రవర్తుల గ్రంథాలయాలలో ప్రతి గ్రంథాన్నీ అప్పుడప్పుడు తనిఖీ చేసి, చూచినట్టుగా తేదీవేసి ముద్ర గుద్దేవారు. ఆ గుర్తును అర్జ్‌దీదా అంటారు. చక్రవర్తుల పేర్లు చరిత్రలో నిలిచినవి. తనిఖీ చేసిన ఆ ఉద్యోగుల పేర్లు ఎవరికీ పట్టవు. కాని ఈనాటి పరిశోధకులు ఒక ప్రతి ప్రయాణమార్గాన్ని గుర్తించగలుగుతున్నారంటే అందుకు ఆధారం ఆ ఉద్యోగులు అంచులలో వేసిన చిన్న గుర్తులే.

ఇక రక్షణ విషయం. నదీతీరపు తేమ, వానాకాలపు బూజు, పురుగు, చెద, వీటితో గ్రంథపాలకునిది నిత్యయుద్ధం. పూర్వపు లేఖకులు అరబ్బీ, పారశీక వ్రాతప్రతుల మొదటి పుటలో యా కబీకజ్ అని వ్రాసే ఆచారముండేది. పురుగులకు రాజైన కబీకజ్ పేరు చూస్తే పురుగులు దరిచేరవని వారి నమ్మకం. పేరు వ్రాసిన పుటనే పురుగులు తిన్న సందర్భాలూ లేకపోలేదు! గ్రంథాన్ని కాపాడేది మంత్రం కాదు, నిత్యం పుట తిప్పి చూచే మనిషి చేయి.

పురుగుకన్న ప్రమాదకరమైనవాడు దొంగ. ఖుదాబఖ్ష్‌కు ఆ అనుభవమూ తప్పలేదు. గ్రంథాలయంలో మునుపు పనిచేసిన జిల్దుకట్టేవాడొకడు లోపల చొరబడి కొన్ని విలువైన వ్రాతప్రతులు అపహరించాడు. వాటిని లాహోరులోని ఒక దళారికి పంపాడు. ఆ దళారి, విషయం ఎరుగక, ఇటువంటి గ్రంథాలు కొనగల రసికుడెవరా అని ఆలోచించి, బాంకీపూరులోని ఖుదాబఖ్ష్‌కే అమ్మజూపాడు! ఆ విధంగా పోయిన సొత్తు తన ఇంటిదారి తానే వెతుక్కుంటూ వచ్చింది.

ఈ అనుభవాల ఫలితంగా ఖుదాబఖ్ష్ తన గ్రంథాలయంలో కఠిన నియమాన్ని పాటించారు. చదువరి ఎంతటివాడైనా అక్కడే కూర్చుని చదువుకోవాలి. వ్రాతప్రతి గడప దాటరాదు. పుస్తకం ఎరువిచ్చేవాడూ, ఎరువు తెచ్చుకొని తిరిగి ఇచ్చేవాడూ ఇద్దరూ కళ్లులేనివారి జాబితాలోనే చేరుతారని ఆయన చమత్కరించేవారట. నవ్వుకోదగిన మాటే, కాని అందులో ఒక గ్రంథప్రియుని బలహీనత కూడా తొంగిచూస్తున్నది. సేకరణ తీవ్రతలో ఆయన ప్రతి సందర్భంలోనూ సాధువుగా ప్రవర్తించారని మేము చెప్పబోము. మంచి గ్రంథం కంటబడితే ఆయనకు నిద్రపట్టేది కాదు. అయితే సామాన్య సేకర్తకూ ఆయనకూ భేదం ఒక్కటే. సామాన్యుడు తనకోసం కూడబెడతాడు. ఆయన లోభం చివరకు దానంగా పరిణమించింది.

ఇక్కడ గ్రంథాలయసేవలోని అసలైన ధర్మసంకటం మనకు ఎదురవుతుంది. గ్రంథపాలకునికి రెండు విధులు: భద్రపరచడం, అందజేయడం. మొదటిదానిమీదనే దృష్టి నిలిపితే గ్రంథాలయం తాళంవేసిన పెట్టె అవుతుంది. రెండవదాన్నే పట్టించుకుంటే కొన్నేళ్లలో అలమారులు ఖాళీ అవుతవి. లోకంలో రెండవ ప్రతి లేని గ్రంథాన్ని ఖుదాబఖ్ష్ గడప దాటనీయలేదు, అది ధర్మమే. మన ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమకారులు, అచ్చుపుస్తకాలు లభించే కాలంలో, వాటిని పల్లెప్రజల చేతికి అందించడమే పరమావధిగా భావించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువమీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించారు, అదీ ధర్మమే. ఏ పుస్తకాన్ని దాచాలో, ఏ పుస్తకాన్ని పంచాలో తెలిసి వర్తించడమే గ్రంథపాలకుని వివేకం. ఆ వివేకం లేని ఉద్యోగి ఎంత శ్రమపడినా అది చాకిరీ అవుతుంది కాని సేవ కాదు.

1898లో ఖుదాబఖ్ష్ హైదరాబాదు విడిచి పాట్నా చేరుకొని తిరిగి న్యాయవాద వృత్తి చేపట్టారు. 1903లో ప్రభుత్వం ఆయనకు సి.ఐ.ఇ. బిరుదమిచ్చి గౌరవించింది. వైస్రాయి లార్డ్ కర్జన్ గ్రంథాలయాన్ని సందర్శించి, దాని అభివృద్ధికీ, శాస్త్రీయమైన పట్టిక రచనకూ ప్రోత్సాహమిచ్చారు. ఆచార్య డెనిసన్ రాస్ పర్యవేక్షణలో మౌల్వీ అబ్దుల్ ముఖ్తదిర్ వంటి విద్వాంసులు ఏళ్ల తరబడి ఒక్కొక్క ప్రతినీ పరీక్షించి ఆ పట్టిక తయారుచేశారు.

ఇంతలో విధి వక్రించింది. ఖుదాబఖ్ష్‌కు పక్షవాతం వచ్చింది. వృత్తి సాగలేదు. చేతిలో ధనం లేదు. పైగా అప్పులు మిగిలినవి. ఇంట్లో లక్షల విలువచేసే గ్రంథాలున్నా అందులో ఒక్క పుటమీద కూడా ఆయనకు హక్కు లేదు. తానే స్వహస్తంతో ఆ హక్కు వదులుకున్నారు. అప్పుడు ప్రభుత్వం ఋణవిముక్తికై 8,000 రూపాయలు మంజూరుచేసి, గ్రంథాలయ కార్యదర్శిగా నెలకు 200 రూపాయల భృతి ఏర్పరచింది. ఆ విధంగా ఒకనాటి యజమాని తాను దానమిచ్చిన గ్రంథాలయంలోనే వేతనం పుచ్చుకొనే సేవకుడైనాడు. లోకదృష్టికి ఇది పతనంగా కనిపించవచ్చు. మాకు మాత్రం ఇదే ఆయన జీవితంలో మహోన్నత ఘట్టంగా తోస్తున్నది. దాతలు చాలామంది దానమిచ్చిన తరువాత కూడా యజమానులుగానే ఉండగోరుతారు. పలకమీద పేరు, సభలో మొదటి ఆసనం, నియమాలనుండి మినహాయింపు ఆశిస్తారు. ఖుదాబఖ్ష్ పదవీ విరమణ చేసిన ప్రధాన న్యాయమూర్తి అయి ఉండికూడా ఆ చిన్న కొలువును చిన్నతనంగా భావించలేదు.

1908 ఆగస్టు 3వ తేదీన ఆయన పరమపదించారు. గ్రంథాలయ ప్రాంగణంలోనే సమాధి ఏర్పడింది. అబ్దుల్ ముఖ్తదిర్ రచించిన పట్టికలో మొదటి సంపుటం వెలువడినది కూడా ఆ సంవత్సరంలోనే.

నాటి నుండి ఆ గ్రంథాలయం పెరుగుతూనే వచ్చింది. మహాత్మాగాంధీ 1925లో దానిని దర్శించారు. 1969లో భారత పార్లమెంటు ప్రత్యేక శాసనం ద్వారా దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. నేడు అక్కడ 20,000కు పైగా వ్రాతప్రతులున్నవి. హుమాయూన్, జహంగీర్ చక్రవర్తులు శకునాలు చూచి స్వహస్తంతో అంచులలో వ్రాసుకున్న హాఫిజ్ దీవాన్, అలీ మర్దాన్ ఖాన్ షాజహానుకు సమర్పించిన షానామా, శస్త్రవైద్య పరికరాల చిత్రాలతో కూడిన జహ్రావీ వైద్యగ్రంథం అక్కడ ఉన్నవి. తైమూరు వంశచరిత్రను చెప్పే సచిత్ర గ్రంథం తారీఖ్-ఎ-ఖాందాన్-ఎ-తైమూరియాను యునెస్కో సంస్థ 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. జహంగీరు తన ఆత్మకథ ప్రతినొకదానిని గోల్కొండ సుల్తానుకు కానుకగా పంపగా, దానిని ఔరంగజేబు కుమారుడు ముహమ్మద్ సుల్తాన్ హైదరాబాదులో స్వాధీనం చేసుకున్నాడు. మన గోల్కొండ గాలి పీల్చిన ఆ ప్రతి కూడా ఈనాడు పాట్నాలోనే భద్రంగా ఉన్నది. రాజ్యాలు గ్రంథాలను కొల్లగొట్టినవి. ఒక న్యాయవాది వాటిని కూడబెట్టి ప్రజలకిచ్చాడు.

భద్రత అనేది ఒకసారి సాధిస్తే శాశ్వతంగా నిలిచేది కాదు. 2021లో పాట్నా నగరంలో వంతెన మార్గం నిర్మాణానికై ఆ గ్రంథాలయంలోని కర్జన్ పఠనమందిరపు భాగాన్ని తొలగించే ప్రతిపాదన వచ్చింది. చదువరులు, చరిత్రాభిమానులు గట్టిగా అభ్యంతరం తెలిపారు. గ్రంథాలయాన్ని ప్రతి తరమూ మళ్లీ సంపాదించుకోవలసిందేనని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

ఈ చరిత్రనుండి మనం గ్రహించవలసినదేమిటి? విద్యార్థి సోదర సోదరీమణులారా, మీరు గ్రంథాలయంనుండి తీసుకున్న పుస్తకం గడువులోగా తిరిగి ఇచ్చినప్పుడు, పుట మడవక, గీత గీయక చదివినప్పుడు, మీకు తెలియకుండానే ఆ మహనీయుని పనిలో పాలుపంచుకుంటున్నారు. మీలో కొందరు ముందుముందు గ్రంథపాలకులు కావచ్చు. ఆ ఉద్యోగం చిన్నదని ఎవరైనా అంటే, ఒక ప్రధాన న్యాయమూర్తి తన చివరి సంవత్సరాలలో ఆ ఉద్యోగమే చేశాడని చెప్పండి.

కళాశాల కార్యవర్గ సభ్యులకు మా సవినయ విజ్ఞప్తి కూడా ఒకటున్నది. ఏటేటా కొత్త పుస్తకాలు కొనడానికి నిధులు కేటాయించడం మంచిదే. కాని ఆ పుస్తకాలకు పట్టిక వ్రాసే చేయి, జిల్దుకట్టే చేయి, దుమ్ము దులిపే చేయి కూడా గ్రంథాలయంలో భాగమేనని భావించి, వారి వేతనం, గౌరవం విషయంలో అంతే శ్రద్ధ వహించవలసిందిగా కోరుతున్నాము. ఖుదాబఖ్ష్ వంటివారు యుగానికొకరు పుడతారు. మిగిలిన కాలమంతా గ్రంథాలను బ్రతికించేది పేరులేని ఈ సేవకులే.